ఆస్ట్రేలియాలో విడిపోయిన తల్లిదండ్రులకు: చైల్డ్ సపోర్ట్ అపోహలు - వాస్తవాలు

అపోహ: చైల్డ్ సపోర్ట్ (విడిపోయాక పిల్లల ఖర్చుకు ఒకరు మరొకరికి ఇచ్చే డబ్బు) చేతికి రాకపోతే ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్‌లో (పిల్లలున్న కుటుంబాలకు ప్రభుత్వమిచ్చే సాయం) కోత పడదు.

వాస్తవం: పడుతుంది. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

ప్రైవేట్ కలెక్ట్‌లో ఇద్దరూ తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటారు. చైల్డ్ సపోర్ట్ కలెక్ట్‌లో ప్రభుత్వ సంస్థ సర్వీసెస్ ఆస్ట్రేలియా వసూలు చేసి ఇస్తుంది. మీరు ప్రైవేట్‌లో ఉంటే, ఖరారైన మొత్తమంతా మీకు ముడుతోందనే, ఆ సంస్థలో బెనిఫిట్‌లు చూసే సెంటర్‌లింక్ లెక్క వేస్తుంది. నెలకు 600 డాలర్లు ఖరారై, ఖాతాలో 200 మాత్రమే పడినా లెక్కలో 600 ఉంటుంది. కోత లేకుండా వదిలే పరిమితి దాటిన ప్రతి డాలరుకూ ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్‌లోని పార్ట్ ఎ అనే భాగంలో 50 సెంట్లు, కనీస రేటు వచ్చేదాకా, కోసేస్తారు. రావలసిన 400 రాలేదు సరికదా, దాని పేరున 200 దాకా కోత కూడా పడవచ్చు.

చైల్డ్ సపోర్ట్ కలెక్ట్‌లో అయితే నిజంగా వసూలైన మొత్తాన్నే చూస్తారు. అందుకే "వచ్చే నెల చూద్దాంలే" అని ఆగకండి. ప్రైవేట్ నుంచి దీనికి మారినప్పుడు మామూలుగా వెనకటి 3 నెలల బకాయినే వసూలు చేస్తారు. ప్రత్యేక పరిస్థితుల్లో 9 నెలలు. అంతకు ముందుది వాళ్లు వసూలు చేయరు.

డబ్బు ఎగవేత, పన్ను రిటర్న్ దాఖలు చేయకపోవడం ఆర్థిక వేధింపుకు ఆయుధాలవుతున్నాయని 2023లో స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, 2025లో కామన్వెల్త్ అంబుడ్స్‌మన్ (ప్రభుత్వ సంస్థలపై ఫిర్యాదులు చూసే అధికారి) చెప్పారు. తల్లులు తెలివితక్కువగా ఉండి మోసపోవడం కాదిది, నియమాల్లోనే ఉన్న లొసుగు.

అపోహ: వేధింపులు ఉన్నా చైల్డ్ సపోర్ట్ అడగక తప్పదు.

వాస్తవం: విడిపోయిన 13 వారాల్లోపు దరఖాస్తు చేయకపోతే పార్ట్ ఎ కనీస రేటుకు పడిపోతుందన్నది నిజమే. కానీ గృహహింస భయం ఉంటే మినహాయింపు ఉంది. సర్వీసెస్ ఆస్ట్రేలియా సోషల్ వర్కర్‌తో మాట్లాడాలని అడగండి. భయపడుతూ దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు.

అపోహ: పిల్లలు చెరిసగం ఉంటే ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

వాస్తవం: రాత్రులతో పాటు ఆదాయాలూ లెక్కే. స్వంత పోషణ మొత్తం (ఎవరి బతుకు ఖర్చుకు వారికి వదిలేసే మొత్తం) తీసేశాక ఒకరికి 60,000, మరొకరికి 20,000 మిగిలిందనుకుందాం. ఆదాయ వాటాలు 75, 25 శాతం. సంరక్షణ చెరి 50. 75లోంచి 50 పోగా, ఎక్కువ ఆదాయమున్నవారు పిల్లల ఖర్చులో 25 శాతం ఇవ్వాలి. ఖర్చు 16,000గా తేలితే ఏడాదికి 4,000.

ఏడాదికి 52 రాత్రులంటే 14 శాతం, అక్కడి నుంచి సంరక్షణ లెక్కలోకి వస్తుంది. 128 రాత్రులు, అంటే కనీసం 35 శాతం ఉంటేనే ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్‌లో వాటా. వంటగది క్యాలెండర్ మీద పిల్లలు పడుకున్న ప్రతి రాత్రికీ ఒక టిక్కు పెట్టుకోండి, నెలాఖరున ఫోటో తీసి దాచండి. సంరక్షణ మారితే 28 రోజుల్లోపు తెలపండి; ఆలస్యమైతే మీకు పెరిగిన రాత్రులు చెప్పిన తేదీ నుంచే చెల్లవచ్చు.

అపోహ: సైకిల్, ఫోన్ కొనిస్తే చైల్డ్ సపోర్ట్ ఇచ్చినట్టే.

వాస్తవం: కాదు, అవి కానుకలు. స్కూల్ ఫీజు, యూనిఫాం, ముఖ్యమైన వైద్యం వంటి కొన్ని ఖర్చులు నేరుగా కడితే, అదీ కట్టేవారి సంరక్షణ 14 శాతం కంటే తక్కువైతే, నెల బాకీలో 30 శాతం దాకా జమ అడగవచ్చు. రసీదులు ఉంచుకోండి.

అపోహ: డబ్బివ్వకపోతే పిల్లల్ని చూపించక్కర్లేదు.

వాస్తవం: రెండూ వేర్వేరు. డబ్బు ఆగిందని పిల్లల్ని ఆపినా, పిల్లల్ని చూపలేదని డబ్బు ఆపినా చట్టం ఒప్పుకోదు.