సీసం ముద్ద చెప్పిన వజ్రం కథ

పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఖనిజాల విభాగం చాలా పెద్దది. రంగురాళ్లు, స్ఫటికాలు, ఉల్కల ముక్కలు, ఇలా సందర్శకులు చూసేవి కొన్నయితే, బీరువాల్లోనే ఉండిపోయేవి అంతకు ఎన్నో రెట్లు. 2007లో అక్కడి ప్రొఫెసర్ ఫ్రాన్స్వా ఫార్జ్ అలాంటి బీరువా సరుకునే పరిశీలిస్తున్నారు. ఆయన ముందున్నవి సీసపు నమూనాలు. పాతకాలం నగల వర్తకులు పెద్ద వజ్రం ఏదైనా చేతికొస్తే, అది చెయ్యి మారేలోపు సీసంతో దాని నకలు పోయించి ఉంచుకునేవారు. సీసం చవక, తొందరగా కరుగుతుంది, అంచుల్ని బాగా పట్టుకుంటుంది. చూడ్డానికి మాత్రం బూడిదరంగు ముద్ద, అంతే.

ఆ ముద్దల్లో ఒకటి ఆయన్ని ఆపేసింది. మూడు సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, ఒకటింపావు మందం. మూలలు గుండ్రంగా తిరిగిన త్రికోణం లాంటి ఆకారం. దానితోపాటు ఒక చీటీ. 1850లో మ్యూజియానికి చేరిన ఆ నమూనాను ఇచ్చింది అషార్ అనే పారిస్ రత్నాల వర్తకుడని, అసలు వజ్రం లండన్‌లోని ‘మిస్టర్ హోప్’ దగ్గర ఉందని ఆ చీటీ సారాంశం.

ఆ ఆకారం ఏ వజ్రానిదో ఫార్జ్ గుర్తుపట్టారు. 1792 సెప్టెంబరులో దొంగతనానికి గురై, తర్వాత ఎవరి కంటా పడని ‘ఫ్రెంచ్ బ్లూ’ అది. ఫ్రెంచి రాజుల నీలి వజ్రం. సుమారు నూటయాభై ఏళ్లుగా దాని అచ్చు ఆ మ్యూజియంలోనే, రిజిస్టర్‌లో నమోదై, చీటీతో సహా ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని పాత బొమ్మలతో పోల్చి చూసినవాళ్లే లేరు.

నాకు ఈ కథ ఇంత ఇష్టం కావడానికి కారణం ఇదే. మ్యూజియంలో కొత్త సంగతి బయటపడిందంటే ఎక్కడో తవ్వారనుకుంటాం. చాలాసార్లు తవ్వేది సొంత బీరువానే.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి. జాఁ బాప్టిస్ట్ టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు వజ్రాల కోసం మన దేశానికి పలుమార్లు వచ్చాడు. ఆయన తీసుకెళ్లిన రాళ్లలో ఒకటి నీలిరంగుది. అప్పటి లెక్కలో 112 క్యారెట్ల పైచిలుకు, ఇప్పటి క్యారెట్లలో సుమారు 115. రంగు ‘అందమైన ఊదా’ అని రాసుకున్నాడు, మూడు వైపుల నుంచి బొమ్మ కూడా వేయించి అచ్చు వేశాడు. 1668లో ఫ్రాన్స్ చేరాక ఆ రాయిని పద్నాలుగో లూయీ కొన్నాడు. 1673కల్లా ఆస్థాన రత్నకారుడు పితో దాన్ని సానపట్టించి దాదాపు 69 క్యారెట్ల రాయిగా మలిచాడు. అదే ఫ్రెంచ్ బ్లూ. విప్లవం రోజుల్లో, రాజనగలు దాచిన భవనంలో దొంగలు వరసగా కొన్ని రాత్రులు పడి, దొరికింది దొరికినట్టు మోసుకెళ్లారు. అందులో ఇదీ పోయింది.

1812 సెప్టెంబరులో లండన్‌లో ఒక కాగితం పుట్టింది. ఫ్రాన్సిలన్ అనే నగల వర్తకుడు రాసిన చిన్న నోటు. డేనియల్ ఎలియాసన్ అనే వజ్రాల వ్యాపారి దగ్గర ముదురు నీలి వజ్రం ఉందని, సుమారు 44 క్యారెట్లని రాసి, రాయి చుట్టూ పెన్సిల్ తిప్పి దాని ఆకారాన్ని గీశాడు. దొంగతనం జరిగి ఇరవై ఏళ్లు నిండిన రెండు రోజులకు ఆ కాగితం మీద తేదీ పడింది. ఇరవై ఏళ్లు దాటితే ఫ్రాన్స్‌లో ఆ నేరం మీద కేసు నడవదు. ఆ తేదీ కాకతాళీయంగా పడిందంటే నేను నమ్మను.

ఈ 1812 రాయే తర్వాత హోప్ కుటుంబానికి చేరి ‘హోప్ డైమండ్’ అయింది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లు చాలామంది దాన్ని చూసే ఉంటారు. గాజు పెట్టెలో మెల్లగా తిరుగుతూ ఉంటుంది, చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడతారు. బరువు 45.52 క్యారెట్లు, అంటే తొమ్మిది గ్రాములకు కాస్త ఎక్కువ.

పోయిన 69 క్యారెట్ల రాయే చెక్కించుకుని 45 క్యారెట్లతో మళ్లీ తేలిందని పందొమ్మిదో శతాబ్దం నుంచే అనుమానం ఉంది. రుజువు చెయ్యడమే కష్టం. వజ్రాన్ని చెక్కితే పోయిన భాగం పొడి అయిపోతుంది, అతికించి చూడ్డానికి ముక్కలు మిగలవు. స్మిత్‌సోనియన్ క్యూరేటర్ జెఫ్రీ పోస్ట్, వజ్రాల నకళ్లు చెయ్యడంలో చెయ్యి తిరిగిన స్కాట్ సూచర్ తదితరులు 2005లో పాత బొమ్మల ఆధారంగా కంప్యూటర్‌లో టావెర్నియర్ రాయిని, ఫ్రెంచ్ బ్లూని తిరిగి కట్టారు. హోప్ వెళ్లి ఫ్రెంచ్ బ్లూలో ఇమిడింది, ఫ్రెంచ్ బ్లూ వెళ్లి టావెర్నియర్ రాయిలో ఇమిడింది. కానీ పునాది బొమ్మలే కదా! బొమ్మ గీసినవాడి చెయ్యి కాస్త వణికితే లెక్కంతా తేడా వస్తుంది.

రెండేళ్లకే ఆ సీసం ముద్ద దొరికింది. ఇది బొమ్మ కాదు, రాయినే చూసి పోసిన అచ్చు. లేజర్‌తో స్కాన్ చేస్తే ప్రతి పట్టె (సానపట్టిన చదును ముఖం), ప్రతి కోణం కొలతకు వచ్చేశాయి. ఇక్కడ ఒక లెక్క మీరూ వేసుకోవచ్చు. అచ్చు పొడవు, వెడల్పు, మందం మిల్లీమీటర్లలో దాదాపు 30.4, 25.5, 12.9. హోప్ కొలతలు 25.6, 21.8, 12. పొడవులో ఐదు మిల్లీమీటర్లు, వెడల్పులో సుమారు నాలుగు పోయాయి. మందంలో మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా పూర్తిగా పోలేదు. అంటే రెండోసారి చెక్కినవాడు రాయిని చుట్టూ అంచుల దగ్గర అరగదీశాడు, లోతు జోలికి వెళ్లలేదు. ఆకారం గుర్తుపట్టకుండా మార్చాలి, బరువు మాత్రం ఎక్కువ పోకూడదు అనుకునేవాడు చేసే పని అది. పేరు తెలియని ఆ పనివాడి ఆలోచన రెండు వందల ఏళ్ల తర్వాత ఒక సీసం ముద్ద పక్కన పెడితే అర్థమవుతోంది.

అచ్చు ఇంకోటి కూడా చెప్పింది. ఫ్రెంచ్ బ్లూ అడుగున పట్టెలు వజ్రాలకు అలవాటైన పద్ధతిలో లేవు. మధ్యలో వెలుతురు వెనక్కి మళ్లకుండా సూటిగా దిగిపోయేలా కోసి ఉన్నాయి. ఇప్పటి సానపట్టేవాళ్లు అలాంటి కోతను లోపం అంటారు. పితోలాంటివాడు రాజు రాయి మీద అంత తప్పు చేస్తాడా? 1691 నాటి రాజనగల జాబితాలో ఈ వజ్రాన్ని బంగారంలో పొదిగి, కాడకు బిగించి ఉంచారని రాసి ఉంది. ఆ మాటను అచ్చుతో కలిపి చూశారు ఫార్జ్, పోస్ట్. నకలు చేసి వెనకాల బంగారం పెట్టి చూస్తే, నీలిరంగు మధ్యలో బంగారు సూర్యుడు కనిపించాడు. పద్నాలుగో లూయీ తనను తాను సూర్యుడితో పోల్చుకున్న రాజు. నీలం, బంగారం ఫ్రెంచి రాజరికపు రంగులు. ముందు లోపమనుకున్నదే ఆ వజ్రం చెక్కడంలోని అసలు ఉద్దేశమని వాళ్లు తేల్చారు. జాబితాలోని ఒక్క వాక్యం లేకపోతే ఆ ముద్ద నుంచి ఈ సంగతి రాబట్టడం కుదిరేది కాదు.

ఇక చీటీలో ఉన్న పేరు. చెక్కకముందు రాయి అచ్చు మీద ‘హోప్’ పేరు ఎందుకుంది? హెన్రీ ఫిలిప్ హోప్ చనిపోయిన 1839లోనే ఆయన రత్నాల కేటలాగ్ వెలువడింది. అందులో ఈ నీలి వజ్రాన్ని బాగా పొగిడారు గానీ, ముందు ఎవరి దగ్గరుందో చెప్పలేదు. దొంగిలించిన రాయి 1812కి ముందే, దొంగిలించిన రూపంలోనే హోప్ చేతికి వచ్చిందని, ఆయన హయాంలోనే మళ్లీ చెక్కించారని ఫార్జ్ వాదన. నాకు ఇది సబబుగానే అనిపిస్తుంది, అయినా ఇప్పటికి వాదనే.

రాతిలోంచి నేరుగా వినే పద్ధతి వేరే ఉంది. హోప్ వజ్రం మీద అతినీలలోహిత దీపం వేసి, ఆర్పేసి, గది చీకటి చేస్తే, నీలి వజ్రం నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. కొద్ది సేపు అలాగే ఉండి మెల్లగా మసకబారుతుంది. మొదటిసారి చూసినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుందట. దీనికి మూలం బోరాన్. లక్షల కార్బన్ పరమాణువుల మధ్య అక్కడక్కడా దూరిన బోరాన్ ఎర్రని కాంతిని కొంత మింగేస్తుంది, అందుకే మనకి రాయి నీలంగా కనిపిస్తుంది. ఆ బోరాన్ వల్లనే ఇలాంటి వజ్రాల గుండా కరెంటు కూడా పారుతుంది, మామూలు వజ్రాల గుండా పారదు. చీకట్లో ఆ మెరుపు ఏ రంగులో ఎంత ఉంది, ఎంత వేగంగా తగ్గుతోంది అన్నది నీలి వజ్రం నీలి వజ్రానికీ మారుతుందని 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఒకరకంగా వేలిముద్ర. ఎవరైనా రేపు ఇంకో నీలి రాయి తెచ్చి ‘ఇది హోప్‌లోంచి కోసిన ముక్కే’ అంటే దీపం వేసి సరిచూడొచ్చు. నీలి వజ్రాలు చాలావరకూ కనీసం 660 కిలోమీటర్ల లోతున పుట్టి పైకి వచ్చాయని 2018లో మరో పరిశోధన చెప్పింది.

ఇంత నిజమైన కథ ఉండగా జనం నోట నానేది మాత్రం శాపం కథ. గుడిలో దేవత విగ్రహం నుంచి పెకలించారని, టావెర్నియర్‌ని కుక్కలు చీల్చి చంపాయని, పెట్టుకున్నవాళ్లందరూ నాశనమయ్యారని. టావెర్నియర్ ఎనభై ఏళ్లు దాటి బతికి రష్యాలో చనిపోయాడు. శాపం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పత్రికల్లో పెరిగి పెద్దదైంది, 1911లో ఈ వజ్రాన్ని అమ్మిన పియర్ కార్టియర్ కొనేవాళ్లకి దాన్ని రసవత్తరంగా వినిపించాడు. నాకు ఇందులో బాధ కలిగించేది ఒకటే. విగ్రహం కథ చెప్పిన ప్రతిసారీ, ఆ రాయిని నిజంగా బయటికి తీసిన మనుషులు కథలోంచి తప్పుకుంటారు.

1958లో వర్తకుడు హ్యారీ విన్‌స్టన్ ఈ వజ్రాన్ని గోధుమరంగు కాగితంలో చుట్టి, రిజిస్టర్డ్ పోస్టులో స్మిత్‌సోనియన్‌కి పంపాడు. తపాలా ఖర్చు 2.44 డాలర్లు, బీమాతో కలిపి 145.29 డాలర్లు. ఆ చుట్టిన కాగితాన్ని పారెయ్యలేదు, ఇప్పుడది అక్కడి తపాలా మ్యూజియంలో ఉంది. కాగితమే కదా అనుకోకుండా దాచినవాళ్లకి నా దండం. ఆ పని కొల్లూరు గనిలో మొదటి రోజు నుంచీ ఎవరైనా చేసి ఉంటే!

కొల్లూరు కృష్ణ ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉంది. ఈ నీలి వజ్రం ఆ గనిదేనని ఎక్కువమంది నమ్ముతారు. టావెర్నియర్ మాత్రం దాన్ని ఎక్కడ, ఎవరి దగ్గర కొన్నాడో పుస్తకంలో రాయలేదు. గని గురించి మాత్రం వివరంగా రాశాడు. జొన్నల్లాంటి పంట వేద్దామని నేల తవ్విన ఒక పేదవాడికి 25 క్యారెట్ల రాయి దొరకడంతో ఆ గని మొదలైందట. ఆయన వెళ్లేసరికి ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేల మంది అక్కడ పని చేస్తున్నారని ఆయన లెక్క. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మన్ను మోస్తారు. గోడ కట్టిన మడిలో మన్ను పోసి, నీళ్లు పట్టి, గంజిలా అయ్యేదాకా నాననిచ్చి, నీళ్లు వదిలేసి ఎండబెడతారు. తర్వాత చేటలతో ఎగరేస్తారు. ధాన్యం తూర్పారబట్టినట్టు, అంటాడు. మిగిలిన గడ్డల్ని రోకళ్ల లాంటి కర్రలతో దంచి, మళ్లీ చెరిగి, ఆఖరికి అందరూ ఒక వరసలో కూర్చుని చేత్తో ఏరతారు. కళ్లంలో ఈ పని చూసినవాళ్లకి ఇందులో కొత్తగా చెప్పాల్సింది ఏముంది? గింజల్ని ఏరిన ఒడుపే వజ్రాన్ని ఏరింది. ఆయన చూసిన ఇంకో గనిలో, పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి మూడు వరహాలే జీతమని రాశాడు.

ఆ పుస్తకంలోనే నేను మళ్లీ మళ్లీ చదువుకునే మాట ఒకటుంది. ఆ చోటును పారసీకంలో కొల్లూరు అంటారని, ఆ దేశపు భాషలో ‘గని’ అంటారని రాశాడు. అది ఊరిపేరు అనుకున్నాడు పాపం. ఇదేం ఊరని అడిగిన పరదేశికి, తట్ట నెత్తిన పెట్టుకున్న ఎవరో ‘గని’ అని ఉంటారు. 1676లో పారిస్‌లో అచ్చయిన పుస్తకంలో ఆ తెలుగు మాట అలాగే మిగిలింది.

ఇప్పుడా పాత గని చోటు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. హోప్ డైమండ్ ఎవరి చేతులు మారిందో చెప్పే జాబితాలు మాత్రం టావెర్నియర్‌తోనే మొదలవుతాయి. ఆ పైన ఒక గీత ఖాళీ. అక్కడ రాయడానికి మనకి పేర్లు లేవు, టావెర్నియర్ చెవిన పడ్డ ఆ మాట ఒక్కటే ఉంది.