ఆల్ప్స్ సూచీ: పార్కిన్‌సన్స్ స్కాన్ల వివాదానికి 2017లోనే బీజం

పార్కిన్‌సన్స్ తొలిదశలోనే మెదడు వ్యర్థాలను వదిలించుకోవడంలో వెనకబడుతుందనీ, ఇంజెక్షన్ లేకుండా ఎంఆర్‌ఐతోనే ఆ సంగతి పట్టుకోవచ్చనీ చెప్పే పరిశోధన పత్రాలు కొన్నేళ్లుగా వరుసకట్టాయి. చాలావాటికి ఆధారం ఒక్కటే, మెదడులో నీటి అణువులు ఏ దిశలో ఎంత కదులుతున్నాయో ఎంఆర్‌ఐతో చూసి లెక్కగట్టే డీటీఐ-ఆల్ప్స్ సూచీ. అది అసలు దేన్ని కొలుస్తోందన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2012లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలుకలపై పరిశోధనతో గ్లింఫాటిక్ వ్యవస్థ, అంటే మెదడు వ్యర్థాలను ద్రవంతో కడిగేసే ఏర్పాటు, వెలుగులోకి వచ్చిన కథ అందరూ చదివిందే. తగాదాకు మూలం మాత్రం 2017 నాటి జపాన్‌లో ఉంది.

ఆ ఏడాది నగోయాలో తోషియాకి తావోకా బృందం అల్జీమర్స్ రోగులపై ఈ పద్ధతిని ప్రయత్నించింది. ఉపాయం తెలివైనదే. మెదడు లోపల ద్రవం నిండిన గది (పార్శ్వ జఠరిక) పక్కన చిన్న సిరలు కుడి-ఎడమ దిశలో సాగుతాయి. అక్కడే ఒక నరతంతువుల కట్ట పైకీ కిందికీ, మరొకటి ముందుకీ వెనక్కీ పోతుంది. సిరల దారి రెండింటికీ అడ్డం. రెండు కట్టల్లోనూ చిన్న గుండ్రటి చోట్లు, తరచూ 5 మి.మీ. వ్యాసంతో, గుర్తిస్తారు. వాటిలో కుడి-ఎడమ దిశలో నీటి విసరణ (అణువుల కదలిక) సగటును, తంతువులకూ సిరలకూ కూడా అడ్డంగా ఉండే దిశలోని సగటుతో భాగిస్తారు. ఫలితం 1కి దగ్గరైతే సిరల వెంబడి నీటికి ప్రత్యేకమైన కదలిక లేనట్టే. తావోకా బృందం దీన్ని ఒక సంకేతంగానే ముందుపెట్టింది. తర్వాత వచ్చిన పత్రాల్లో అదే ‘గ్లింఫాటిక్ పనితీరు’ అయి కూర్చుంది.

ఇక్కడే ఓస్లో పరిశోధకుడు గెయిర్ రింగ్‌స్టాడ్ 2024లో గట్టిగా అడ్డుతగిలాడు. ఆయన బృందం వెన్ను ద్రవంలోకి 0.5 మిల్లీమోల్ గాడోబ్యూట్రాల్ (ఎంఆర్‌ఐలో స్పష్టంగా కనిపించే గాడోలినియం మందు) ఎక్కించి, అది మెదడులోకి చేరి, బయటికి పోవడాన్ని రోజు దాటి కూడా వెంబడించిన బృందం. దానితో పోలిస్తే ఆల్ప్స్ చూసేది ఎంతో తక్కువ. స్కాన్ బొమ్మ చిన్న చిన్న ఘనాలతో ఏర్పడుతుంది, ఒక్కో ఘనం అంచు సుమారు 2 మి.మీ.; సిర చుట్టూ ఉండే ఖాళీ దానిలో చిన్న భాగం మాత్రమే. కొలిచే మిల్లీసెకన్లలో నీరు కదిలేది పదీ ఇరవై మైక్రాన్లు, వ్యర్థం బయటపడటానికి గంటలు కావాలి. పైగా కుడి-ఎడమ దిశలో సాగే ఇతర తంతువులు ఆ చోట్లోకి చొరబడినా, తల కాస్త వంగినా అంకె మారిపోతుంది. వయసుతో, మెదడులో నరతంతువులుండే తెల్లపదార్థం దెబ్బతినడంతోనూ తగ్గుతుంది.

పార్కిన్‌సన్స్‌లో ఈ చిక్కు రెట్టింపు. వణుకు వల్ల స్కాన్ సమయంలో తల కదులుతుంది. వ్యాధి తొలిదశలో ఒకవైపే మొదలవుతుంది. అసలు పద్ధతిలోనేమో కుడిచేతివాటం వారిలో ఎడమ అర్ధగోళాన్నే కొలిచేవారు. కాబట్టి ఏ వైపు లక్షణాలు ముదిరాయో చెప్పకుండా ఒక్క వైపు అంకె ఇచ్చే పత్రాన్ని అనుమానంగానే చూడాలి. చోట్లను చేత్తో గుర్తించారా, సిరల్ని చూపే ఎస్‌డబ్ల్యూఐ అనే రకం ఎంఆర్‌ఐ తీశారా అన్నదీ అడగాల్సిందే.

సమర్థించేవారికీ చెప్పడానికి ఉంది. 2021లో చైనా బృందం, మెదడులోని చిన్న రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో, వెన్ను ద్రవంలోకి గాడోలినియం ఎక్కించి తీసే స్కాన్‌తో ఆల్ప్స్‌కు పొంతన చూపింది. నిద్రలో కలల్ని చేతులతో కాళ్లతో ఆడేసే రుగ్మత, అంటే పార్కిన్‌సన్స్‌కు ముందుదశ కాగలది, ఉన్నవారిలోనూ సూచీ తగ్గినట్టు నివేదికలున్నాయి. అయితే ఇవన్నీ గుంపుల సగటులు.

తేల్చాలంటే తొలిదశ పార్కిన్‌సన్స్ రోగుల్లోనే ఆల్ప్స్ స్కాన్, వెన్నులోకి మందెక్కించే స్కాన్ రెండూ తీయాలి. గాడోలినియంను వెన్నులోకి ఎక్కించడం అనుమతించిన వాడకం కాదు. పొరపాటున మోతాదు పెరిగినప్పుడు మెదడు తీవ్రంగా దెబ్బతిని మరణాలూ సంభవించాయి. అందుకే ఆ పని చేసేందుకు ముందుకొచ్చే కేంద్రాలు తక్కువ. ఆల్ప్స్ పత్రాలేమో, ఇదివరకే తీసిన స్కాన్ల మీద లెక్కగట్టేవి కనుక, ఆగవు.