ఊగే ఉయ్యాలలో దిష్టిచుక్క

పోయిన నెల ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. రిటైరైన తెలుగు మాస్టారు. విజయవాడలో బస్సు దిగగానే రోబోతో మోకీలు మార్పిడి చేస్తామన్న హోర్డింగు కనబడిందట. ఆయన మోకాలికి ఆపరేషను తప్పదని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నారు కాబట్టి నిలబడి పూర్తిగా చదివారు. "యంత్రం గురి వెంట్రుకవాసి కూడా తప్పదని రాశారు. సరే, యంత్రం గురి తప్పదు. నేను కదిలితే?" ఇదీ ఆయన ప్రశ్న.

మాస్టారి మోకాలి సంగతి తేలికే. ఎముక గట్టిది, వంగదు. తొడ ఎముకకూ మోకాలి కింది ఎముకకూ సన్నని పిన్నులు దింపి, వాటికి గుర్తులు బిగిస్తారు. పరారుణ కెమెరా ఒకటి వాటిని విడవకుండా చూస్తుంది. రోబో తన కొలతలను గది గోడల నుంచి కాక ఎముక నుంచే తీసుకుంటుంది కాబట్టి కాలు జరిగితే లెక్క కూడా దానితో జరుగుతుంది. కెమెరాకు ఎవరైనా అడ్డం నిలబడితే గుర్తులు కనబడవు, కోత ఆగిపోతుంది. అంతే.

కానీ ఆ ప్రశ్నను మోకాలి మీద నుంచి తీసి గుండె మీద పెట్టి చూడండి. నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు.

గుండె మీది రక్తనాళం వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు. బైపాస్ ఆపరేషనులో దానికి ఇంకో నాళాన్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టాలి. కుట్టాల్సిన చోటేమో నిమిషానికి డెబ్బై సార్లు ఎగిరెగిరి పడుతుంది.

ఉయ్యాల ఊగుతోందనుకోండి. పాప నిద్రపోతోంది. అమ్మమ్మ కాటుక వేలితో చెంప మీద దిష్టిచుక్క పెట్టాలి. (దిష్టి తగలదని నా నమ్మకం. ఇంట్లో మాత్రం ఆ మాట పైకి అనను.) గురి తప్పితే కాటుక కంట్లో పడుతుంది. ఎలా పెడుతుంది?

మొదటి దారి, ఉయ్యాలను ఆపడం. గుండెను పొటాషియం ద్రావణంతో ఆపేసి, దాని పనిని గుండె-ఊపిరితిత్తుల యంత్రానికి అప్పగిస్తారు. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ ఈ యంత్రంతో తొలిసారి విజయం సాధించారు. పూర్తిగా ఆపడం ఎందుకు, చుక్క పెట్టే చోటు ఒక్కటీ పట్టుకుంటే చాలదా అని 1990లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ వైద్యులు ఆలోచించారు. చూషణతో గుండె ఉపరితలాన్ని పట్టుకునే పరికరం చేసి, దానికి ఆక్టోపస్ అని పేరు పెట్టారు. మంచి ఉపాయమే. అయినా పట్టుకున్న చోట ఒకటి రెండు మిల్లీమీటర్ల అదురు మిగిలిపోతుంది. నాళం వెడల్పే అంత.

రెండో దారి, ఉయ్యాల ఒక కొసకు చేరి వెనక్కి తిరిగే క్షణం కోసం కాచుకోవడం. అక్కడ వేగం సున్నా. ఇంటర్మీడియట్ పిల్లలతో సైన్ వక్రరేఖ గీయించి, శిఖరం దగ్గర వాలు సున్నా అని బట్టీ పట్టిస్తాం. ఉయ్యాల కొసలో ఒక్క క్షణం ఆగేది అందుకేనని చెప్పం. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నేనూ చెప్పలేదు. ఊపిరితో కదిలే అవయవాలకు ఈ దారి బాగా నప్పుతుంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారి స్టార్ అనే రోబో పందుల పేగులను తనంతట తాను కుట్టిందని 2022లో వార్త వచ్చింది. అది చేసిన పనుల్లో ఇదొకటి: ఊపిరి కదలికను కెమెరాతో గమనిస్తూ, అది నిలిచే క్షణానికి తన పనిని జత కలపడం. ఆపరేషనుకు ముహూర్తం అడిగేవాళ్లను చూసి నవ్వుతుంటాను గానీ, ఇక్కడ నాలుగైదు సెకన్లకొక ముహూర్తం వస్తుంది, యంత్రం దాన్ని నిష్ఠగా పాటిస్తుంది!

గుండె అంత తీరిక ఇవ్వదు. అందుకే మూడో దారి: అమ్మమ్మ చెయ్యి కూడా ఉయ్యాలతో పాటు ఊగాలి. చెయ్యీ చెంపా ఒకే లయలో కదిలితే ఆ రెండింటి మధ్యా కదలికే ఉండదు. 2001లో టోక్యో విశ్వవిద్యాలయంలో యోషిహికో నకమురా బృందం సరిగ్గా ఈ ఆలోచనతోనే గుండెతో పాటు కదిలే రోబోను రూపొందించింది. తెర మీది బొమ్మను కూడా అదే లయలో సర్దారు. సర్జను కంటికి గుండె ఆగినట్టు కనబడుతుంది, లోపల అది కొట్టుకుంటూనే ఉంటుంది. ఇంత అందమైన మాయ నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఇక లెక్క. గుండె మీది ఒక బిందువు 10 మిల్లీమీటర్ల మేర, సెకనుకు 1.2 సార్లు ఊగుతోందనుకుందాం. మధ్యలో దాని వేగం π (3.14) ఇంటూ 10 ఇంటూ 1.2, అంటే సెకనుకు దాదాపు 38 మిల్లీమీటర్లు. కెమెరా బొమ్మ తీసి, కంప్యూటర్ అందులో బిందువును గుర్తించి, మోటారు తిరిగేసరికి సెకనులో పదో వంతు గడిచిందంటే బిందువు 3.8 మిల్లీమీటర్లు జరిగిపోయి ఉంటుంది. సూది నాళంలో కాదు, దాని పక్కన ఎక్కడో దిగుతుంది. తప్పు 0.1 మిల్లీమీటరు దాటకూడదంటే ఈ ఆలస్యం సెకనులో నాలుగు వందలవ వంతు కూడా ఉండకూడదు. పైగా నిజం గుండె ఉయ్యాలలా మెత్తగా ఊగదు, ముడుచుకునేటప్పుడు చివుక్కున లాగుతుంది.

అంటే రోబో చూసేది ఎప్పుడూ గడిచిపోయిన ఉయ్యాలనే. తప్పు కనబడగానే గట్టిగా సరిదిద్దబోతే చెయ్యే వణకడం మొదలుపెడుతుంది. దారి ఒక్కటే, ముందే ఊహించడం. గుండె కదలికలో రెండు లయలు కలిసి ఉంటాయి. గోదావరి లాంచీలో కట్టిన ఉయ్యాలను తలచుకోండి. లాంచీ నెమ్మదిగా లేచి పడుతుంది, అది ఊపిరి. అందులో ఉయ్యాల వడిగా ఊగుతుంది, అది గుండె. కలగలిసిన లయలను విడదీసే ఫూరియే గణిత పద్ధతిలో రెంటినీ వేరుచేసి, ఒక్కోదాని తర్వాతి వంతును విడివిడిగా ఊహించి, మళ్లీ కూడాలి. మత్తులో ఉన్న రోగికి ఊపిరి పోసేది వెంటిలేటరే కాబట్టి లాంచీ గడియారంలా నడుస్తుంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు పందుల గుండెల మీద ఈ పద్ధతిని పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బెబెక్, చావుషోలు అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ప్రకటించిన పని. గుండె ముడుచుకోవడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే ఈసీజీలో విద్యుత్ సంకేతం కనబడుతుంది. రోబో ఆ సంకేతాన్నీ చదువుతుంది. ఉయ్యాల కదలకముందే, తాడు మీద తల్లి చెయ్యి పడడాన్ని అమ్మమ్మ చూసినట్టన్నమాట.

ఇదంతా చాలావరకు ప్రయోగశాలల్లోనే ఉంది. నేడు ఆసుపత్రుల్లో సర్జను కుర్చీలో కూర్చుని నడిపే రోబో సర్జను చేతి వణుకును వడగడుతుంది గాని, గుండె కదలికను వెంబడించదు. రోగి కదలకుండా చూసేది మత్తు డాక్టరు ఇచ్చే, కండరాలను సడలించే మందు. హోర్డింగుల్లో ఆయన ఫొటో ఉండదు.

ముందే ఊహించడం ఆసుపత్రి దాకా వచ్చిన చోటు ఒకటుంది, అక్కడ కత్తి లేదు. స్టాన్‌ఫర్డ్ న్యూరోసర్జన్ జాన్ ఆడ్లర్ రూపొందించిన సైబర్‌నైఫ్‌తో 1994లో తొలి రోగికి చికిత్స చేశారు. రోబో చేతికి రేడియేషన్ యంత్రాన్ని తగిలించారు. తర్వాతి కాలంలో అది ఊపిరితో కదిలే కణితులనూ వెంబడించడం నేర్చింది. ఇది చీరతో కట్టిన ఉయ్యాల, పాప కనబడదు. కణితి పక్కన బంగారు నలుసులు ఉంచి, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీస్తారు. ఎడతెగకుండా తీస్తే ఆ కిరణాలే ఎక్కువవుతాయి. రోగి ఛాతీ మీది చిన్న దీపాలను మాత్రం కెమెరా నిరంతరం చూస్తుంది. తాడు ఇక్కడుంటే పాప అక్కడుంటుందని యంత్రం ఒక సంబంధం కట్టుకుంటుంది. ఊపిరి తీసేటప్పుడు కణితి వెళ్లే దారీ, వదిలేటప్పుడు వచ్చే దారీ ఒకటి కాకపోవచ్చు. అందుకే ఒక్కోసారి రెండు దారులకూ రెండు సూత్రాలు కావాలి. దాని మీద ఆలస్యం లెక్క వేసుకుని, కణితి ఇప్పుడున్న చోటికి కాక రాబోయే చోటికి గురిపెడుతుంది.

నిద్రలో పాప ఒక్కసారి కాలు జాడిస్తే? గుండెలో అయితే అకాల స్పందన, ఊపిరిలో అయితే దగ్గు. ఊహించిన చోటికీ కనబడిన చోటికీ మధ్య తేడా హద్దు దాటితే కిరణం ఆగిపోతుంది. మళ్లీ ఎక్స్‌రే తీసి, సంబంధాన్ని మొదటి నుంచి కట్టుకుంటారు. అమ్మమ్మ కూడా వేలు వెనక్కి తీసుకుని, ఉయ్యాల కుదురుకునే దాకా చూస్తుంది.