ప్యాడ్ పాడవలేదు, అందులో సౌండే లేదు: మిడి ప్యాడ్‌ల గురించి అపోహలు – వాస్తవాలు

గుంటూరులో ఆర్కెస్ట్రాలకు, చర్చి బృందాలకు, భజన మండళ్లకు స్టిక్‌తో కొట్టి వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లు అమర్చి ఇచ్చే పనిలో నేను పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. క్రిస్మస్‌కు రెండు వారాల ముందు, వినాయక చవితికి వారం ముందు నాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి మొదటి వాక్యం ఒక్కటే: "అన్నా, ప్యాడ్ కొన్నాను, లైట్లు వెలుగుతున్నాయి, కొడితే సౌండ్ రావడం లేదు." ఆ ఫోన్ నా దాకా వచ్చేసరికే ఎవరో ఒకరు సెన్సార్లు పోయాయని తేల్చేసి ఉంటారు, మరొకరు బోర్డు మార్చాలని చెప్పి ఉంటారు, కార్యక్రమం చూస్తే రెండు రోజుల్లో ఉంటుంది. అప్పు చేసి కొన్న వస్తువు మోగకపోతే కలిగే కంగారు నాకు తెలియనిది కాదు కాబట్టి వారిపై నాకు కోపం లేదు. తెలియకపోయినా తెలిసినట్టు తీర్పు చెప్పేవారి మీద మాత్రం ఉంది.

అపోహ: ప్యాడ్ అన్నాక సౌండ్లు ఉంటాయి; కొడితే మోగకపోతే అది పాడైనట్టే.

వాస్తవం: మిడి అంటే వాయిద్యాలు ఒకదానికొకటి సూచనలు పంపుకునే పద్ధతి. మిడి కంట్రోలర్ అనే రకం ప్యాడ్‌లో సౌండ్ అనేది ఉండదు, ఎప్పుడూ ఉండలేదు. రబ్బరు కింద ఉండే పీజో సెన్సార్ స్టిక్ దెబ్బకు పుట్టిన అదురును చిన్న విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. లోపలి సర్క్యూట్ ఆ సంకేతాన్ని చూసి మూడు సంగతులు మాత్రమే బయటికి పంపుతుంది: ఏ ఛానెల్, ఏ నోట్, ఎంత బలం. ఛానెళ్లు 16, నోట్ నంబర్లు 0 నుంచి 127 వరకు, దెబ్బ బలం 1 నుంచి 127 వరకు. పెళ్లి భోజనాల్లో "మూడో పంక్తికి సాంబారు" అని కేక వేసే మనిషి చేసే పని ఏదో, ఈ ప్యాడ్ చేసే పనీ అదే. వంటశాలలో సాంబారు లేనప్పుడు కేక వేసిన మనిషి గొంతు బాగుచేయించి ప్రయోజనం ఏముంది?

ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నేను ఊహించగలను. ఎనిమిది గళ్లున్న ప్రతి పరికరాన్నీ మనవాళ్లు ఆక్టోప్యాడ్ అనే పిలుస్తారు. అయితే రోలాండ్ సంస్థ ఆ పేరుతో 1985లో తెచ్చిన మొదటి ప్యాడ్-8లో సొంత సౌండ్ ఒక్కటి కూడా లేదు. అది పక్కనున్న సౌండ్ మాడ్యూల్‌నో (సౌండ్లు దాచుకున్న విడి పెట్టె) డ్రమ్ మెషీన్‌నో మోగించడానికి చేసిన కంట్రోలర్. సౌండ్లు లోపలే పెట్టుకున్న మోడళ్లు ఆ తరువాత వచ్చాయి. 1998లో వచ్చిన ఎస్‌పీడీ-20లో 700 సౌండ్లు ఉన్నాయి, మన వేదికల మీద ఏళ్ల తరబడి రాజ్యమేలింది అదే. దానిని చూస్తూ నేర్చుకున్న తరానికి ప్యాడ్ అంటే దానంతట అదే మోగే వస్తువు. అందుకే అదే రూపంలో తక్కువ ధరకు మిడి కంట్రోలర్ కనిపించగానే "అంతటిదే ఇంత చవకగా వస్తోంది" అనుకుని కొనేస్తారు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. కొందరు బాగున్న ప్యాడ్‌ను సగం ధరకు అమ్ముకుంటారు. కొందరు "టోన్లు ఎక్కిస్తాను" అన్నవాడికి డబ్బు కట్టి, నిల్వ చేసుకునే చోటే లేని పరికరంలోకి టోన్లు ఎక్కించుకుని వస్తారు. కొందరు విప్పించి, పనిచేస్తున్న సెన్సార్లను మార్పించుకుంటారు. అలా మార్చినప్పుడు టంకం సరిగా పడక నిజంగానే పాడైన ప్యాడ్‌లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి.

తెనాలి దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన కుర్రవాడి సంగతి చెప్పకుండా ఉండలేను. ప్యాడ్ వెనుక ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ తప్ప, మైకుసెట్ వాళ్లు వాడే పీ-38 జాక్ పట్టే రంధ్రం లేదని గమనించి, ఎవరో అతనికి ఐదు పిన్నుల వైరును మధ్యకు కోసి రెండో చివర పీ-38 జాక్ అతికించి ఇచ్చారు. దానిని మిక్సర్‌కు తగిలించి, ఫేడర్ చివరి దాకా నెట్టి, బలంగా కొడితే బాక్సులో "టిక్" అని వినిపిస్తోంది. మళ్లీ కొడితే మళ్లీ "టిక్". అతని నిర్ధారణ: సెన్సార్లు బలహీనపడ్డాయి. ఆ "టిక్" మూడు బైట్ల మిడి సందేశం; సెకనుకు 31,250 బిట్ల వేగంతో, దాదాపు ఒక మిల్లీసెకనులో పరుగెత్తిపోయే అంకెల గుంపు. సౌండ్ మాడ్యూల్ చదువుకోవలసిన దానిని మిక్సర్ మీటకు అప్పగిస్తే వినిపించేది అంతే. ఆ ప్యాడ్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి ఢోలక్ సౌండ్ పెట్టి స్టిక్ చేతికిచ్చాను. అతను రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయి, ఆ కోసిన వైరు వైపు చాలాసేపు చూశాడు.

నేను అతనిని చూసి నవ్వలేదు, నవ్వే అర్హత నాకు లేదు. ఈ పనిలోకి రాకముందు నేను కూడా ఒక పాత కంట్రోలర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొని, ఇయర్‌ఫోన్ పెట్టే చోటు కోసం రాత్రంతా దాని చుట్టూ వెతికాను; తెల్లవారాక, లోపల ఎక్కడైనా ఉందేమోనని స్క్రూలు విప్పాను.

కొనేముందు వెనుక భాగం చూస్తే విషయం అర్థమవుతుంది. అవుట్‌పుట్ ఎల్, ఆర్ అని రెండు జాక్‌లు, ఫోన్స్ అని ఒక జాక్ ఉంటే అందులో సౌండ్లు ఉన్నట్టు. యూఎస్‌బీ, మిడి సాకెట్లు మాత్రమే ఉంటే దానికి తోడుగా ల్యాప్‌టాప్, సౌండ్ మాడ్యూల్, కీబోర్డు వంటిది మరొకటి కావాలి. అది లోపం కాదు. సొంత డప్పు, కంజీర, ఢోలక్ శాంపిళ్లు (రికార్డు చేసిన సౌండ్లు) ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని వాయించేవారికి కంట్రోలరే నయం.

కలపడంలోనూ రెండు చోట్ల జనం తడబడతారు. ఐదు పిన్నుల వైరు ప్యాడ్ మిడి అవుట్ నుంచి కీబోర్డు మిడి ఇన్‌కు వెళ్లాలి. అవుట్ నుంచి అవుట్‌కు పెడితే ఏమీ కాదు, ఏమీ మోగదు. రెండోది యూఎస్‌బీ. ఇప్పటి చాలా ఇంటి కీబోర్డులకు ఐదు పిన్నుల సాకెట్ ఉండదు, ప్రింటర్ వైరు పట్టే చదరపు యూఎస్‌బీ సాకెట్ మాత్రమే ఉంటుంది. ప్యాడ్‌కూ అదే సాకెట్. ఈ రెండింటినీ నేరుగా కలిపితే పలకవు, ఎందుకంటే రెండూ ఆజ్ఞ కోసం ఎదురుచూసే పరికరాలే, ఆజ్ఞ ఇచ్చే యూఎస్‌బీ హోస్ట్ మధ్యలో లేదు. మధ్యలో కంప్యూటర్ గానీ, యూఎస్‌బీ మిడి హోస్ట్ అనే చిన్న పెట్టె గానీ ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియక కీబోర్డు, ప్యాడ్ రెండూ షాపులో వెనక్కి ఇచ్చినవారు కూడా నాకు తెలుసు.

ఇక "ప్యాడ్ కొడితే పియానో మోగుతోంది, వైరస్ పట్టిందేమో" అన్న ఫోన్. వైరస్ కాదు. ఏ నంబరుకు ఏ సౌండ్ అన్నది ముందే నిర్ణయించిన జనరల్ మిడి పద్ధతిలో డ్రమ్స్‌కు పదో ఛానెల్ కేటాయించారు. అక్కడ 36 కిక్, 38 స్నేర్, 42 మూసిన హై-హ్యాట్, 46 తెరిచిన హై-హ్యాట్, 49 క్రాష్. మీ ప్యాడ్ ఒకటో ఛానెల్‌లో 36 పంపితే, అక్కడ పియానో కూర్చుని ఉంటే, అది తనకు తెలిసిన 36ను, అంటే కింది స్థాయి సీ స్వరాన్ని, మోగిస్తుంది. ప్యాడ్ ఛానెల్‌ను పదికి మార్చండి, అంతే. ఒక ప్యాడ్ మాత్రమే మోగకపోతే దాని నోట్ నంబరుకు అవతల ఏ సౌండూ కేటాయించలేదేమో ముందు చూడండి. స్క్రూడ్రైవర్ జోలికి తరువాత వెళ్లవచ్చు.

అపోహ: సౌండ్ ఆలస్యంగా వస్తోందంటే ప్యాడ్ స్లో అయిపోయింది.

వాస్తవం: పైన చెప్పినట్టు మిడి సందేశానికి పట్టేది దాదాపు ఒక మిల్లీసెకను. ఆలస్యం పుట్టేది ల్యాప్‌టాప్‌లో, ముఖ్యంగా బఫర్ దగ్గర, అంటే సౌండ్‌ను బయటికి పంపేముందు కొంత పోగుచేసుకునే చోట. సెకనుకు 44,100 సౌండ్ ముక్కలు పంపే శాంపిల్ రేటులో బఫర్ 1024 ముక్కలు ఉంటే అదొక్కటే 23 మిల్లీసెకన్లు తింటుంది. 256కు తగ్గిస్తే ఆరు కంటే తక్కువ. విండోస్‌లో సౌండ్ ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ పెట్టి, బఫర్‌ను 256కు, మెషీన్ తట్టుకుంటే 128కి దించండి. చిటపటలు వినిపిస్తే ఒక మెట్టు పైకి రండి. దీనితో పాటు మీ చెవికీ బాక్సుకూ మధ్య దూరాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే మూడు మీటర్ల గాలిని దాటడానికి సౌండ్‌కు దాదాపు తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది; వేదిక మీద మానిటర్ దగ్గరగా పెట్టుకోమని వాయిద్యగాళ్లు ఊరికే అడగరు.

బ్లూటూత్ స్పీకర్‌తో ప్యాడ్ వాయించాలని చూసేవారికి ఒక లెక్క చెబుతాను. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. చతురశ్ర నడకలో "తకధిమి" అంటే ఒక్కో అక్షరానికి 125. మామూలు బ్లూటూత్ స్పీకర్లలో నూరు మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం సర్వసాధారణం, అంటే మీరు "క" కొట్టేవేళకు "త" వినిపిస్తుంది. చెయ్యి చెవిని వెతుక్కుంటూ వెనక్కి లాగుతుంది, లయ జారిపోతుంది, తప్పు వాయించినవాడిది అవుతుంది. తాళం తప్పుతున్నాడని భజన మండలి పక్కన పెట్టిన ఒక పెద్దాయనకు నేను ఇచ్చిన చికిత్స నాలుగు మీటర్ల వైరు మాత్రమే.

అపోహ: ఒక్కసారి కొడితే రెండుసార్లు మోగుతోందంటే, లేదా కొట్టకుండానే మోగుతోందంటే, సెన్సార్ పోయింది.

వాస్తవం: పీజో సెన్సార్‌కు స్టిక్ ఎవరో, బేస్ బాక్స్ ఎవరో తెలియదు, అదురు వస్తే చాలు, స్పందిస్తుంది. ఒక చవితి పందిరిలో చెక్క వేదిక మీద సబ్ ఊఫర్ పక్కనే స్టాండ్ పెట్టారు. డీజే పాట మొదలైనప్పుడల్లా ఎవరూ ముట్టుకోకుండా తాషా మోగుతోంది. జనం దండం పెట్టడం ఒక్కటే తక్కువ. స్టాండ్‌ను నేల మీదికి దించి, కాళ్ల కింద రబ్బరు మ్యాట్ ముక్కలు వేసి, థ్రెషోల్డ్‌ను, అంటే ఎంత అదురు దాటితే మోగాలో చెప్పే సెట్టింగ్‌ను, నాలుగు అంకెలు పెంచితే ఆగింది.

అమర్చే వరుస ఇది. థ్రెషోల్డ్‌ను అట్టడుగుకు దించి, మీరు వాయించే అతి మెత్తని దెబ్బ కొట్టి చూడండి; ఆపైన స్టాండ్‌ను కాలితో తట్టినప్పుడు మోగడం ఆగేదాకా ఒక్కొక్క అంకె పెంచండి; మెత్తని దెబ్బ పోయిందంటే ఎక్కువ పెంచినట్టు. సెన్సిటివిటీని బలమైన దెబ్బకు మాత్రమే 127 వచ్చేటట్టు పెట్టండి. ప్రతి దెబ్బకూ 127 వస్తుంటే మెత్తని దెబ్బకూ బలమైన దెబ్బకూ తేడా ఉండదు, ఎంత మంచి శాంపిల్ అయినా రేకు డబ్బాలా వినిపిస్తుంది. ఒక ప్యాడ్ కొడితే పక్కది మోగుతుంటే దాన్ని అడ్డుకునే క్రాస్‌టాక్ సెట్టింగ్‌ను పెంచాలి. ఒక దెబ్బ రెండుగా వస్తుంటే రీట్రిగ్గర్ లేదా మాస్క్ టైమ్ పెంచాలి, కానీ కొద్దికొద్దిగానే, ఎందుకంటే అది ఎక్కువైతే వేగంగా రోల్ వాయించినప్పుడు అసలు దెబ్బలనే మింగేస్తుంది. అప్పుడు మళ్లీ నాకు ఫోన్ వస్తుంది. అన్నీ సరిచేశాక కూడా ఒకే ప్యాడ్ మొండికేస్తే, అప్పుడు సెన్సార్‌ను అనుమానించండి. అది నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి.

మిగిలిన వాటికి ఇంత చర్చ అక్కరలేదు. వేళ్లతో వాయించడానికి చేసిన చిన్న చదరపు మెత్తని ప్యాడ్‌లను స్టిక్‌తో కొట్టకండి, అవి వేరే రకం సెన్సార్లు, నలిగిపోతాయి. రబ్బరు నిగనిగలాడాలని కొబ్బరినూనె రాయకండి. తడి పిండిన గుడ్డ చాలు. ఖరీదైన యూఎస్‌బీ వైరుతో సౌండ్ మెరుగుపడదు, అందులో వెళ్లేది అంకెలు.

అడాప్టర్ విషయంలో మాత్రం ఒక్క క్షణం ఆగండి. "తొమ్మిది వోల్టులైతే ఏదైనా ఒకటే" అన్న మాట నమ్మి బోర్డు కాల్చుకున్నవారు ఉన్నారు. రోలాండ్ తొమ్మిది వోల్టుల అడాప్టర్లలో సాధారణంగా మధ్య పిన్ను నెగెటివ్. బజారులో దొరికే చాలా అడాప్టర్లలో మధ్య పిన్ను పాజిటివ్. ప్యాడ్ వెనుక గుండ్రటి గుర్తులో ప్లస్, మైనస్ ఎటున్నాయో చూసి, అడాప్టర్ మీది బొమ్మతో సరిపోల్చి, ఆ తరువాతే ప్లగ్ పెట్టండి. కుదిరితే అడాప్టర్‌కు ఒక తెల్ల టేపు చుట్టి దాని మీద ప్యాడ్ పేరు రాసుకోండి, ఎందుకంటే కార్యక్రమం అయ్యాక చీకట్లో వైర్లు చుట్టేటప్పుడు కీబోర్డు అడాప్టర్ మీ సంచిలోకి, మీది కీబోర్డు వాయించే అన్న సంచిలోకి వెళ్లిపోతాయి, మరుసటి కార్యక్రమం దాకా ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.