డిప్రెషన్ మందులు ఆపాక వచ్చే ఇబ్బందులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మందు ఆపగానే ఒంట్లో బాగోలేదంటే జబ్బు తిరగబెట్టినట్టే.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. మాత్ర ఉన్నట్టుండి మానేస్తే సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో తల తిరగడం, వికారం, చెమటలు, చిరాకు, పీడకలలు మొదలవుతాయి. కొందరికి కళ్లు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. ఆ షాక్ డిప్రెషన్ లక్షణం కాదు. జబ్బు తిరగబెడితే ఎక్కువగా వారాలు, నెలల మీద మెల్లగా ముదురుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఆపిన మందు మళ్లీ మొదలుపెడితే ఈ ఇబ్బందులు చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గిపోతాయి. జబ్బు అంత త్వరగా లొంగదు. ఇది తెలియక "ఇక జీవితాంతం మాత్రలేనా" అని కుంగిపోయేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

అలాగని జబ్బు తిరగబెట్టదని కాదు. ఏళ్ల తరబడి మందు వాడుతూ బాగున్నవాళ్లపై బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. మందు ఆపినవాళ్లలో 56 శాతం మందికి ఏడాదిలోపు డిప్రెషన్ తిరిగి వచ్చింది. కొనసాగించినవాళ్లలోనూ 39 శాతం మందికి వచ్చింది. అందుకే ఎప్పుడు ఆపాలన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

అపోహ: ఇవి మత్తుమందుల్లా అలవాటైపోతాయి.

మాత్ర కోసం తహతహలాడటం, కిక్ కోసం డోసు పెంచుకుంటూ పోవడం వీటితో ఉండదు. మెదడు మందుకు సర్దుకుని ఉంటుంది, అది లేకుండా మళ్లీ సర్దుకోవడానికి సమయం కావాలి, అంతే.

అపోహ: సగం మాత్ర దాకా వచ్చాం, ఇక ఆపేయవచ్చు.

ఎక్కువమంది ఇక్కడే ఇబ్బంది పడతారు. డోసు సగమైతే మెదడులో మందు ప్రభావం కూడా సగమవుతుందని అనుకుంటాం. అలా జరగదు. సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాగే ద్వారాల్లో దాదాపు 80 శాతాన్ని మూసేస్తుంది. సుమారు మూడున్నర మిల్లీగ్రాములకు తగ్గించినా ఇంకా సగం మూసే ఉంటాయి. అంటే అసలు దిగుడు చివరి కొద్ది మిల్లీగ్రాముల్లోనే ఉంది. మొదట కాస్త వేగంగా తగ్గించినా, చివర్లో చాలా చిన్న మెట్లు కావాలి. కొందరికి ఇది నెలలు పడుతుంది. ద్రవరూపంలో దొరికే మందైతే కొలవడం తేలిక. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను మాత్రం డాక్టరును అడగకుండా విరవకండి, నూరకండి.

అపోహ: రోజు విడిచి రోజు వేసుకుంటే మెల్లగా తగ్గించినట్టే.

పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయి. రోజు విడిచి రోజు వేసుకుంటే ఆ మధ్య రోజంతా లక్షణాలు వచ్చి పోతుంటాయి. ఫ్లూఆక్సెటిన్ చాలా రోజులు ఒంట్లో ఉంటుంది కాబట్టి దానితో ఇబ్బంది తక్కువ.

అపోహ: నేను వాడేది ఒకే మాత్ర, అందులో ఉన్నదీ ఒకే మందు.

చీటీ ఒకసారి చూసుకోండి. మన దగ్గర డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్, ఆందోళన తగ్గించే క్లోనజెపామ్ కలిపిన మాత్రలు చాలామంది వాడుతున్నారు. ఇందులో క్లోనజెపామ్‌కు నిజంగానే అలవాటు పడతారు. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. ఈ రెండు మందులనూ విడదీసి, ఒకదాని తర్వాత ఒకటి తగ్గించాల్సి ఉంటుంది. అది డాక్టరే చేయాలి.

ఇబ్బందులు మొదలైతే ఏ రోజు ఏం జరిగిందో ఒక డైరీలో రాసుకోండి. తగ్గకపోతే వెనకటి డోసుకు వెళ్లి, ఇంకా చిన్న మెట్లతో దిగే విషయం డాక్టరుతో మాట్లాడండి. తల తిరుగుతుంటే బండి నడపకండి. పెళ్లి పనులు, పరీక్షలు, ఊరు మారడం ఉన్న రోజుల్లో డోసు తగ్గించకండి. ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి, చిరాకు మీద అన్న మాటలను వాళ్లు తప్పుగా తీసుకోకుండా ఉంటారు. గర్భం వచ్చిందని తెలిసి భయంతో ఆ పూటే మందు మానేసే అమ్మాయిలకు కూడా ఇదే చెబుతాను: ముందు ఫోన్ చేయమ్మా, తర్వాత నిర్ణయించుకుందాం.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.