కాకిబంగారం రేకూ, లేజర్ వెలుగూ

మా అవ్వ సైదాపురం వైపు మైకా షెడ్డులో కూలికి పోయేది. మైకానే కాకిబంగారం అంటారు. పలక అంచున కత్తి మొన పెట్టి కొంచెం తిప్పితే రేకు లేచి వచ్చేది, దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి, అద్దంలాగా, కాస్త పచ్చగా. లోపల నిజం బంగారం ఏమన్నా ఉంటుందా అని నేనడిగితే, "రేకుకి రేకు ఒకటే రా అబ్బయ్యా, లోపల వేరే సరుకేముంటుంది" అనేది. మైకా విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. పైనా లోపలా ఎక్కడా కరెంటు పోనివ్వదు, అందుకే పాత ఇస్త్రీ పెట్టెల్లో వేడెక్కే తీగను మైకా రేకుకి చుట్టేవాళ్లు.

బిస్మత్ సెలెనైడ్ అనే స్ఫటికం కూడా ఇట్టాగే పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర సుమారు 1 నానోమీటరు మందం, టేపు అంటించి లాగితే ఊడి వస్తుంది. స్వచ్ఛమైన స్ఫటికమైతే లోపల కరెంటు పోదు, పై ముఖం మీద మాత్రం ఎలక్ట్రాన్లు లోహంలో తిరిగినట్టు తిరుగుతాయి. పైన ఏదో పూత ఉందేమో అనుకుని ఆ పొర పీకేస్తే, కింద బయటపడ్డ కొత్త ముఖం మీద మళ్లీ అదే! బిస్మత్ బరువైన మూలకం కావడం వల్ల లోపల ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు తారుమారై ఉంటాయి, పైన ఉండాల్సింది కిందికి, కిందది పైకి. బయట ఉన్న ఖాళీలో ఆ తారుమారు లేదు. అందుకని ఆ రెండూ కలిసే హద్దు దగ్గర స్థాయిలు ఒకదాన్నొకటి దాటక తప్పదు, దాటేచోట వాటి మధ్య ఎడం ఉండదు, కరెంటుకి దారి దొరుకుతుంది. హద్దు ఎక్కడికి జరిగితే దారి అక్కడికి జరుగుతుంది. ఇట్టాంటివాటినే టోపలాజికల్ ఇన్సులేటర్లు అంటారు.

దీన్ని తీగలు తగిలించి కొలవచ్చు కదా అంటే, అక్కడే చిక్కు. స్ఫటికం పెరిగేటప్పుడు కొన్ని సెలీనియం పరమాణువులు తప్పిపోయి లోపల కూడా కరెంటు కారుతుంది, మీటరు చూపించేదాంట్లో పైది ఎంత, లోపలిది ఎంత అని విడదీయడం కష్టం. కాంతితో ఆ గొడవ చాలావరకు తీరుతుంది. గాలి పూర్తిగా తోడేసిన గదిలో స్ఫటికం పై పొర ఊడగొట్టి, అప్పటికప్పుడు బయటపడ్డ ముఖం మీద అతినీలలోహిత కాంతి వేస్తే ఎలక్ట్రాన్లు ఎగిరి బయటికొస్తాయి, అవీ ఎక్కువగా పై కొద్ది పొరల్లోవే. ఏ కోణంలో, ఎంత శక్తితో వచ్చాయో లెక్కేస్తే అవి లోపల ఎట్టా ఉండేవో బొమ్మ గీయొచ్చు. బిస్మత్ సెలెనైడ్ మీద 2009లో ఇట్టా గీసిన బొమ్మలో రెండు గీతలు ఇంటూ మార్కులా దాటుకుంటూ కనిపించాయి. లెక్కలు చెప్పిన దారి అదే.

ఆ ప్రయోగానికి సింక్రోట్రాన్ కాంతి, అంటే ఎలక్ట్రాన్లను పెద్ద వలయంలో అతివేగంగా తిప్పి పుట్టించే కాంతి, వాడారు. లేజర్‌తో ఇంకో సంగతి కుదురుతుంది, కాలాన్ని ముక్కలు చేయొచ్చు. ఒక మెరుపు ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది, వెనకే వచ్చే రెండోది వాటి ఫొటో తీస్తుంది. రెండింటి మధ్య వ్యవధి మార్చడానికి గడియారంతో పనిలేదు, రెండో మెరుపు తగిలి తిరిగొచ్చే అద్దాన్ని వెనక్కి జరిపితే చాలు. 1.5 మైక్రాన్లు జరిపితే కాంతి పోయిరావాల్సిన దూరం 3 మైక్రాన్లు పెరుగుతుంది, రెండో మెరుపు 10 ఫెమ్టోసెకన్లు ఆలస్యమవుతుంది. సెకనును వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫెమ్టోసెకను. అంత చిన్న కాలాన్ని అద్దం జరిపి కొలుస్తున్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

2013లో అమెరికాలోని ఎంఐటీలో నూహ్ గెడిక్ బృందం ఇంకో అడుగు వేసింది. స్ఫటికం మీద పరారుణ లేజర్ పడుతున్నంతసేపు ఆ ఇంటూ మార్కుకి పైనా కిందా దాని నకళ్లు పుట్టాయి, ఒక్కోటి సరిగ్గా ఒక ఫోటాన్ (కాంతి కణం) శక్తి ఎడంలో. విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరిగే కాంతి వేస్తే గీతలు దాటుకునే చోటే చిన్న ఎడం తెరుచుకుంది. లేజర్ పోగానే అదీ పోయింది. వెలుగు ఆ పదార్థాన్ని చూపించడంతో ఆగలేదు, ఉన్న ఆ కాసేపు దాని స్వభావాన్నే మార్చింది.

ఇక మైకా సంగతి. బిస్మత్ సెలెనైడ్‌ను కొన్ని పొరల మందాన పలుచగా పెంచాలంటే కింద చాలా నున్నటి పీట కావాలి, పరమాణువుల లెక్కన చూసినా ఎత్తుపల్లాలు లేనిది. అందుకోసం ల్యాబుల్లో వాడేవాటిలో అప్పుడే చీల్చిన మైకా రేకు కూడా ఒకటి.