దూలాన్ని దాచని మనిషి

చిరంజీవులు అనన్య, కార్తీక్‌లకు తాతయ్య ఆశీస్సులు.

హాల్లో టేకు దూలాలు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ వేయించాలని కార్తీక్, వద్దని అనన్య ఒకటే గొడవట. అమ్మ ఫోన్లో చెప్పింది. నన్నడిగితే నేను అనన్య పక్షం. ఎందుకంటే నాకు ఫ్రాంక్ ఫర్నెస్ అనే ఆర్కిటెక్ట్ అంటే ఇష్టం.

ఈయన 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. ఇళ్ళు, బ్యాంకులు, రైల్వే స్టేషన్లే కాదు, మేజాలూ కుర్చీలూ కూడా గీశాడు. అంతకుముందు అంతర్యుద్ధంలో గుర్రపు దళంలో ఉన్నాడు. 1864లో ముందు వరుసలో ఉన్నవాళ్ళకు తూటాలు అయిపోవస్తుంటే, కాల్పుల మధ్య ఖాళీ మైదానం దాటి తూటాల పెట్టె మోసుకెళ్ళి ఇచ్చాడు. దానికి అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద సాహస పతకం, మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. ఎప్పుడనుకున్నారు? 1899లో! ప్రభుత్వాలు ఎక్కడైనా అంతే.

1876లో పూర్తయిన పెన్సిల్వేనియా ఆర్ట్ అకాడమీ ఈయన, ఈయన భాగస్వామి జార్జ్ హ్యూవిట్ కలిసి కట్టిందే. పక్కవీధి వైపు పై గోడ బరువంతా ఒక ఇనుప ట్రస్ (అడ్డంగా, ఏటవాలుగా కడ్డీలు బిగించి చేసిన దూలం) మీద నిలబడి ఉంటుంది. ఆ రోజుల్లో ఇనుమంటే ఫ్యాక్టరీ సరుకు, పెద్ద భవనాల్లో రాతి వెనక దాచేసేవారు. ఫర్నెస్ మాత్రం దాన్ని వీధిలో పోయేవాళ్ళకి కనబడేలా వదిలేశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది పెన్సిల్వేనియా యూనివర్సిటీ లైబ్రరీ. 1891లో తెరిచిన ఎర్రటి భవనం. చదువుకునే హాలు వేరు, పుస్తకాలు పేర్చే చోటు వేరు. మెట్లనైతే ఏకంగా ఒక టవర్లో పెట్టాడు, ఎక్కేవాళ్ళ చప్పుడు చదివేవాళ్ళకి తగలకుండా. పుస్తకాల అంతస్తులకి వేసినవి గాజు నేలలు. పైకప్పు అద్దాల్లోంచి దిగిన ఎండ కింది అరల దాకా వెళ్ళాలని. పుస్తకాలు ఏటా పెరుగుతాయి కదా! అందుకని చివరి గోడని జాకీలతో వెనక్కి జరిపి, మధ్యలో కొత్త అరలు కట్టుకునేలా ప్లాన్ వేశాడు. పాపం, ఆ గోడ ఎన్నడూ జరగలేదు. తర్వాత వచ్చినవాళ్ళు సరిగ్గా ఆ చివరే ఇంకో కట్టడం అతికించేశారు.

ఆయన పోయాక ఈ భవనాలు జనానికి వికారంగా కనిపించాయి. చాలావాటిని కూల్చేశారు. ఆయన కట్టిన ప్రావిడెంట్ అనే బ్యాంకు 1960 నాటికి నేలమట్టమైంది. ఫోటోల్లో చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక చెక్క పని. వాళ్ళన్నయ్య హొరేస్ షేక్‌స్పియర్ పండితుడు. ఆయన కోసం 1870 ప్రాంతంలో ఫర్నెస్ ఒక రాతమేజా గీశాడు. చేసింది డేనియల్ పాబ్‌స్ట్ అనే జర్మన్ వడ్రంగి అంటారు. ఈ పాబ్‌స్ట్‌ది గొప్ప చేయి. ముదురు వాల్‌నట్ చెక్క మీద లేతరంగు మేపుల్ పొర అతికించి, పై పొరని పువ్వులా ఆకులా చెక్కేవాడు. చెక్కినచోటల్లా కింది ముదురు రంగు బయటపడేది. రంగుడబ్బాతో పనే లేదు.

ఆ మేజా ఇప్పుడు ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియంలో ఉంది. మీ అత్త ఉండేది అక్కడికి దగ్గరేగా, ఈసారి వెళ్ళినప్పుడు ఫోటో తీసి పంపమనండి. మేజా మొత్తం వద్దు, చెక్కడం దగ్గరగా కనబడాలి.

మీ తాతయ్య